ఫోన్లో అక్క

సాఫ్ట్‌వేర్ కంపెనీ అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. మద్దిలపాలెంలో టైర్ల షాపు మీద రెండు గదులు, పట్టుమని పదిమంది లేని స్టాఫు, చలికంటే చప్పుడెక్కువ చేసే ఏసీ. అడిగినవాళ్లకు అడిగినట్టు యాప్‌లు చేసిపెడతారు. అందులో రోజారమణి పని తప్పులు పట్టడం. యాప్ బయటికి వెళ్లేముందు ప్రతి బటనూ నొక్కి చూసి, బాగుంటే బాగుందని రాయాలి. తప్పులు పట్టే మనిషితో కూర్చుని టీ తాగడం ఎవరికి సరదా? అమ్మ పోయాక ఇంట్లోనూ మాటకు మాట ఇచ్చేవాళ్లు లేరు. సెలవు రోజున ఆమె నోరు తెరిచేది అన్నం తినడానికే.

ఒకసారి పూర్ణా మార్కెట్ టోకు వ్యాపారి జగ్గారావు వచ్చాడు. కూరగాయల లోడు దిగగానే, తన దగ్గర సరుకు కొని అమ్ముకునే ఆడవాళ్లందరి ఫోన్లకూ కబురు వెళ్లాలట.

"మావోళ్లకి సదువు రాదు బాబూ. ఫోనే మాటాడాల. టీవీ వార్తల్లాగ కాదు, మనిసి మాటాడినట్టు" అన్నాడు.

ఓనరు ఉమాశంకర్‌ది కృష్ణా జిల్లా. ఆయన యాస అక్కడ చెల్లదు. చివరికి రోజారమణి లేచింది. నవ్వుతారని సిటీకొచ్చినప్పటి నుంచీ దాచుకున్న ఊరి యాసను, బస్సుల హారన్లు వినపడకుండా బాత్‌రూమ్ తలుపేసుకుని రికార్డు చేసింది. "లెగండమ్మా, వంకాయ దిగిపోనాది! ఏటి సేత్తన్నారింకా?"

అదేం పిచ్చో, ఆదివారమొస్తే మార్కెట్‌కు పరిగెత్తేది. ఫోన్లలో తన గొంతు పలకగానే గంపల వెనక నుంచి జవాబులొచ్చేవి. "వత్తన్నానే అక్కా, ఊపిరాడనీవు కదా!" అని బెండకాయలమ్మే చిలకమ్మ కసిరేది. ఆ కసురు కోసం రోజారమణి తినలేనన్ని బెండకాయలు కొనేది. కొనేటప్పుడు మాత్రం ఆఫీసు తెలుగే, "కిలో ఎంతండీ?" అని. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు. ఈమె ఫోన్లో పులి, ఎదురుపడితే పిల్లి. ఆ అక్క నేనేనని చెబితే నవ్వేసి ఊరుకుంటారేమోనని భయం.

ఈమధ్య జగ్గారావు అల్లుడికి మిషన్ గొంతు మీద మోజు పుట్టింది. ఏ రోజు ధర ఆ రోజు అదే చదివేస్తుందట. నిజమే, చదువుతుంది. కొత్త యాప్ పరీక్షకు రోజారమణి దగ్గరికే వచ్చింది. ఒక్క తప్పయినా దొరకాలని దేవుడికి దండం పెట్టుకుని మరీ వెతికింది. దొరకలేదు. ఏడుపొచ్చింది. బాగుందని రాసి పంపేసింది.

ఆ ఆదివారం కాళ్లు ఊరుకోక మళ్లీ వెళ్లింది. ఫోన్లలో మిషన్ గొంతు ధరలు చదువుతోంది గానీ ఎవరూ బదులు పలకడం లేదు. చిలకమ్మ బెండకాయలు తూస్తూ పక్కామెతో అంటోంది, "ఫోన్లో అక్క సచ్చిపోనాదే. నేకపోతే మాట మానీసే మనిసేటి?"

"ఎవరు చెప్పారండీ?" అంది రోజారమణి.

"ఎవులు సెప్పాలమ్మా? మనిసుంటే మాటుండదా? ఓపాలి ఎల్లి పలకరించొద్దునంటే ఇల్లెక్కడో తెల్దు" అని చిలకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అమ్మ పోయినప్పుడు ఆఫీసు నుంచి వచ్చినవి వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు. గడప తొక్కినవాళ్లు లేరు.

"నాకు తెలుసండీ ఆ ఇల్లు. మద్దిలపాలెం బస్ డిపో వెనక సందులో, మేడ మీద గది."

"ఎల్తే ఎవులుంటారమ్మా అక్కడ?"

"నానుంటాను. నానొక్కదాన్నే ఉంటాను."

చిలకమ్మ తూకం ఆపి తలెత్తింది.