మేస్త్రీ మంచం, నా ఉయ్యాల

కర్నూలు రాజధాని అయిన కాలంలో పాత మట్టిమిద్దెలు పడగొట్టి కొత్త ఇళ్లు లేపుతుండేవాళ్లు. వానల్లేక ఆలూరు వైపు నుంచి వలస వచ్చిన మాకు ఆ కూల్చేపనే దొరికింది. మగవాళ్లు గోడల మీద నిలబడి గడ్డపారలతో పైకప్పు మన్ను తవ్వేవాళ్లు. అది రాలుతుండగానే ఆడవాళ్లం కింది గదుల్లోకి పోయి గంపలకెత్తాలి. అలా అయితే పని తొందరగా తెములుతుందని మేస్త్రీ లెక్క. మా తలలు ఆ లెక్కలో లేవు.

ఒక ఇంటి ముందు ఒక్క వేపచెట్టు ఉండేది. దాని కింద మేస్త్రీ మంచం. నా కూతురికి అప్పటికింకా పాకడం కూడా రాలేదు. చీర ఉయ్యాల ఆ కొమ్మకు కట్టబోతే మేస్త్రీ అడ్డొచ్చాడు.

"లోపల దూలానికి కట్టుకో పోమ్మా. ఆడ శానా నీడ ఉండాది."

లోపలికి పోయి తలెత్తి చూశాను. మా చేలకు పడని వాన ముందురోజు ఈ మిద్దె మీద పడింది. నానిన మన్ను దూలం పక్కనుంచి సన్నగా రాలుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి, సరిగ్గా అతని మంచం మీదికి వంగిన కొమ్మకే ఉయ్యాల కట్టేశాను. బిడ్డ కాళ్లు అతని తలపాగాకు తగులుతున్నాయి.

"ముందు మన్నంతా వీధిలోకి దింపించప్పా. దింపినంక లోపలికి వస్తాం," అని గంప బోర్లించి దాని మీద కూర్చున్నాను. మిగతా ఆడవాళ్లు కాసేపు నన్నూ మేస్త్రీనీ మార్చి మార్చి చూశారు. తర్వాత వాళ్లూ గంపలు బోర్లించారు.

"రేపట్నించి రావాకండి. మీ బదులు వచ్చేటోళ్లు శానామంది ఉండారు."

"పిలిపించప్పా. వాళ్లకీ ఆ దూలం చూపిస్తాం."

భయం లేదని చెప్పను. పని పోతే రాత్రికి సంకటి లేదు. అయినా లేవలేదు. ఎండ మా నడినెత్తికి వచ్చింది. చివరికి మేస్త్రీ మంచం ఈడ్చుకుంటూ అవతలికి పోయి, మన్ను ముందు దింపమని మగవాళ్లకు కేకేశాడు.

సాయంత్రం మన్నంతా పోయాక పైనుంచి దూలానికి మోకు కట్టి కదిపారు. గోడలో ఉన్న కొనను చెదలు ఎప్పుడో తినేశాయి. ఒక్క కదుపుకే దూలం గది మధ్యలో పడింది. లోపల ఎవరూ లేరు.

ఇంటాయన కొబ్బరికాయ కొట్టించి, దేవుడే కాపాడినాడన్నాడు. మేస్త్రీ అవునవునంటూ లెంపలేసుకున్నాడు. నేనూ ఒక ముక్క తీసుకుని నమిలాను.

"దేవుని సంగతి నాకు తెలీదు సామీ," అన్నాను. "ఎండలో కూర్చునింది మాత్రం మేము."