నాలుగో గుడ్డ

ఉద్యోగమంతా ఆసుపత్రి ఆపరేషన్ గదిలోనే చేసి రిటైరైన ఆవిణ్ణి వీధిలో అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆవిడకి లోకంలో రెండు రకాల మనుషులంటే గిట్టదు: చేతులు కడుక్కోనివాళ్ళు, అల్లుడు. అల్లుడు చేతులు శుభ్రంగానే కడుక్కుంటాడు. అయినా గిట్టదు.

అల్లుడు కర్టెన్ల షాపులో సేల్స్‌మన్. గుడ్డ వేళ్ళమధ్య నలిపి అది ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పేస్తాడు. ఆ పనిలో అతనికి వంక పెట్టలేం. ఇంటికొస్తే మాత్రం చేతులు ఊరుకోవు. మిక్సీ విప్పి బిగించాడు, అది అప్పట్నుంచీ ఉలకదు పలకదు. గోడగడియారం విప్పాడు, దాని ముళ్ళు ఇప్పటికీ పెన్నుల డబ్బాలోనే ఉన్నాయి.

"విప్పడం వచ్చినవాడికల్లా బిగించడం వచ్చేస్తే, దొంగలంతా తాళాల కంపెనీలు పెట్టుకునేవాళ్ళే" అని సిస్టరమ్మ కూతురి దగ్గర గొణిగేది.

ఓ ఆదివారం పొద్దున్నే అల్లుడు పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి, పెళ్ళికూతురి ముసుగు తీసినంత సుతారంగా మూత తీశాడు. లోపల తళతళలాడే అల్యూమినియం వస్తువు. ఓ డబ్బా, దానికి నాలుగు వంకర గొట్టాలు.

"ఏంటది అల్లుడుగారూ, ఆవు పొదుగు తిరగేసినట్టుంది?"

"ఇన్‌టేక్ మానిఫోల్డ్ అత్తయ్యా. ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారి. కంపెనీవాడు ఇచ్చింది మరీ ఇరుకు. ఇది పెడితే బండి గుండెనిండా ఊపిరి తీసుకుంటుంది."

"తీసుకుని?"

"దూసుకుపోతుంది!"

"ఎక్కడిదాకా? సందు చివర సిగ్నల్ దాకానా?"

అల్లుడికి వెటకారం తగల్లేదు. తగిలే రకమైతే ఆవిడకీ కాస్త తృప్తిగా ఉండేది.

కారు నిజానికి కూతురిది. ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసి ల్యాబుకి చేర్చడం ఆమె పని. బండి లేకపోతే చేతులు విరిగినట్టే. "రేపు పొద్దున్నే నాకు బండి కావాలి" అందామె. "సాయంత్రానికల్లా రెక్కలొస్తాయి దానికి" అన్నాడు మొగుడు.

సిస్టరమ్మ వరండాలో కుర్చీ వేసుకుని సినిమాకొచ్చినట్టు కూర్చుంది. అల్లుడు ఫోన్‌లో వీడియో పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, గొట్టాలూ వైర్లూ ఊడదీశాడు. పాత మానిఫోల్డ్ బయటికొచ్చింది. ఇంజిన్ పక్కన నాలుగు కన్నాలు నోళ్ళు తెరుచుకుని కనబడ్డాయి. వాటిలో నట్టో బోల్టో జారిపడకుండా పాత దిండుగలీబు చింపి, నాలుగు ముక్కలు కుక్కాడు. అది మాత్రం తెలివైన పనే అని ఆవిడ లోలోపల ఒప్పుకుంది, పైకి అనలేదు.

అతుకులోంచి గాలి పోకుండా మధ్యలో వేసే గ్యాస్కెట్ పాతదై అతుక్కుపోతే, దాన్ని కూరలు తరిగే చాకుతో గీకాడు. చాకు పదును పోయింది. బోల్టు తిప్పబోయి వేలు కోసుకున్నాడు. అంత చిన్న గాయానికి అంత పెద్ద కేక ఆసుపత్రిలో పిల్లలు కూడా పెట్టేవాళ్ళు కాదు. కట్టు కట్టింది ఆవిడే. అతను తిరిగొచ్చి, కన్నాల్లోంచి గుడ్డలు లాగి నేలమీద పడేసి, కొత్తదాన్ని ఎత్తి పెట్టాడు.

సిస్టరమ్మ కళ్ళు అలవాటు కొద్దీ నేలమీదకి పోయాయి. కడుపు కుట్టేముందు గుడ్డలు లెక్కపెట్టడం ఆవిడ ఉద్యోగంలో సగం. ఒకటి, రెండు, మూడు.

"అల్లుడుగారూ, గుడ్డలన్నీ వచ్చాయా?"

"ఇదేం మీ ఆపరేషన్ థియేటర్ కాదత్తయ్యా" అన్నాడు తలెత్తకుండా.

ఆవిడకి ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి చూపించొచ్చు. కాస్త గట్టిగా ఇంకోసారి చెప్పొచ్చు. కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకుని, చీరకొంగుతో విసురుకుంటూ కూర్చుంది. అనుభవిస్తేగానీ తెలిసిరాదు కొందరికి.

సాయంత్రం బండి స్టార్టయింది. మూలుగుతూ, ఊగుతూ, మధ్యలో ఠప్పుమంటూ. చుట్టుపక్కల వాళ్ళు చెవులు మూసుకుని బయటికొచ్చారు. "కొత్తది కదా, సర్దుకుంటుంది" అన్నాడు అల్లుడు, జ్వరంతో వణికేవాణ్ణి చూసి డాన్సు బాగా చేస్తున్నాడన్నట్టు. భార్యని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. సందు చివర సిగ్నల్ దగ్గర బండి పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. వెనకున్న హారన్లన్నీ కలిసి అతనికి సన్మానం చేశాయి.

మర్నాడు మెకానిక్ విప్పి చూస్తే, వాల్వు దగ్గర ఇరుక్కుని మాడిన దిండుగలీబు ముక్క బయటపడింది. కొంత ఇంజిన్ లోపలికే పోయింది. వాల్వు వంగింది. బండి చాలా రోజులు షెడ్డులోనే ఉండాలన్నాడు.

ఆ ముక్క చూడగానే సిస్టరమ్మ నోరు జారింది. "నేను అప్పుడే అనుకున్నా. మూడే వచ్చాయి."

కూతురు మెల్లిగా తిరిగింది. "అప్పుడే అనుకున్నావా?"

"అడిగానే! మీ ఆయన వింటేగా."

"అడిగావు. చెప్పలేదు. ఆయన తెలియక చేశారమ్మా. నువ్వు తెలిసి కూర్చున్నావు."

ఆపరేషన్ గదిలో ఎంత పొగరుబోతు డాక్టరు కసిరినా, లెక్క తేలనిదే సూది అందించేది కాదు సిస్టరమ్మ. అల్లుడి దగ్గరే ఆ పట్టుదల ఎందుకు చచ్చిందో ఆవిడకి బాగా తెలుసు. అందుకే ఎవరికీ చెప్పుకోలేదు.

కూతురు రక్తం సీసాల పెట్టె భుజాన వేసుకుని బస్సులో తిరిగింది. ఆ పెట్టె బరువు చూడలేక సిస్టరమ్మ తనూ వస్తానంది. అల్లుడు షాపుకి వెళ్ళేదీ ఆ బస్సులోనే. కూతురు ముందు సీటు చూసుకుని కూర్చునేసరికి, అత్తా అల్లుళ్ళకి వెనక పక్కపక్క సీట్లే మిగిలేవి.

మొదటిరోజు సగం దారిలో బస్సు ఎత్తు ఎక్కుతూ రొప్పసాగింది. అల్లుడు చెవి రిక్కించి, ఇక ఉండబట్టలేక, "చూశారా అత్తయ్యా, దీనికీ గాలి చాలట్లేదు. ఇదే గనక నా చేతిలో పడితే..." అని మొదలెట్టాడు.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. గాడిద గుడ్డేం కాదూ, అనుకుంది. అయినా అతన్ని ఆపలేదు. బస్సు దిగేదాకా అతను చెబుతూనే ఉన్నాడు.