చాపలో చుట్టినదంతా

లోసలీన్ న్యూజిలాండ్‌లోని మాంగెరెలో పెరిగిన టోంగా పిల్ల. ఓడ సరుకు దించే ఒక కంపెనీలో, మొలకెత్తే పచ్చి గింజల్లాంటివి దేశంలోకి రాకుండా ఏ మూట వదలాలో ఏది ఆపాలో తేల్చే ప్రోగ్రాం రాస్తుంది. నాన్న పోయాక ఆ ప్రోగ్రామే ఆమె కొంప ముంచింది. శవపేటికలో పరవడానికి మేనత్త సియుతితి టోంగా నుంచి తెచ్చిన మూటని ఆపేసింది. తెల్లారితే సమాధి.

తప్పెక్కడుందో లోసలీన్‌కి చూడగానే తెలిసిపోయింది. టోంగావాళ్లలో చాపలో చుట్టినదంతా కలిపి ఒకే కానుక. ప్రోగ్రాంలో ఆమె కూడా అలాగే రాసిపెట్టింది: చాపలో బెరడు బట్ట, బట్టలో గింజల దండ, ఒకదాని కడుపులో ఒకటి. లోపలి వాటికి విడిగా ఉనికే లేదు, అందుకే పచ్చి గింజల పాపం చాప నెత్తిన పడింది. నియమాలు చూసే యంత్రానికి ముక్కముక్కగా చెప్పాలి: ఇది చాప. ఇది బట్ట. ఇది దండ. బట్ట చాపలో ఉంది. దండ బట్టలో ఉంది. దండకి పచ్చి గింజలున్నాయి.

"మీ ఇంటి మూట కోసం ప్రోగ్రాం మారుస్తున్నావా?" అన్నాడు పై అధికారి గ్రేమ్, మొహమాటపడుతూనే.

"మా ఇంటిది ఆగితేగానీ నాకు కనబడలేదు. ఇన్నాళ్లూ ఎంతమంది చాపలు ఆపానో! పరీక్ష నువ్వే పెట్టు, నా చెయ్యి పడకూడదు."

గ్రేమ్ పాత మూటల వివరాలు వేసి చూశాడు, సరిగ్గానే వచ్చాయి. తర్వాత వీళ్లది వేశాడు. చాప వెళ్లొచ్చు. బట్ట వెళ్లొచ్చు. దండ కాల్చేయాలి.

ఆ దండ మేనత్త స్వయంగా గుచ్చింది. టోంగా ఆచారం ప్రకారం అన్న ఉన్న గదిలో కూర్చోకుండా మర్యాదగా బతికిన మనిషి, ఇన్నేళ్లకి అన్న మెడలో వేద్దామనుకుంది. దండకి పచ్చి గింజలున్నాయన్న ఆ ఒక్క వాక్యం తుడిచేస్తే అడిగేవాళ్లు లేరు. లోసలీన్ తుడవలేదు, పాపం.

ఇంట్లో శవపేటిక పక్కన చాప విప్పగానే ముసలావిడ తడిమి చూసింది. "నా దండేదే?"

"కాల్చేశారత్తా. నేను రాసిన నియమమే."

"చాపలో చుట్టింది విడదీస్తారటే! అదేం చదువే నీది?"

"తిట్టత్తా. తిట్టించుకోవడానికే నిలబడ్డాను."

మేనత్త తిట్టలేదు, కత్తెర తెమ్మంది. వాళ్లలో అన్న పోతే అన్న పిల్లల జుట్టు కత్తిరించే హక్కు ఆమెది. లోసలీన్ జడని మెడ దగ్గర కత్తిరించి, దండ ఉండాల్సిన చోట, అన్న గుండెల మీద పెట్టింది.

"దీన్ని ఆపమను, చూస్తాను," అంది.