బయటికొచ్చే చక్రాలు

పోయినేడు హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో, నా జీపుకు ఎంచుకున్న వెడల్పు చక్రాల ఫోటో చూసుకుంటున్నాను. జీపు అప్పటికే ధర్మవరంలో, చక్రాలు బిగించే అంగట్లో ఉంది. పక్కసీటు పెద్దాయన నా ఫోన్లోకి తొంగిచూశాడు.

"ఇవి బాడీ దాటి ఎంత బయటికొస్తాయప్పా?"

"రెండంగుళాలు. ఆఫ్‌సెట్ తక్కువది, అంటే చక్రం బయటికి జరిగి కూచుంటాది. చూసేకి బాగుంటాది," అన్నాను.

"మా తమ్ముడూ అదే అన్న్యాడు," అన్నాడాయన మెల్లగా. "చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగు మీద బరువు పెరుగుతాదని మాకు తెలీదు. ముందు చక్రంలో గుర్రుమని సద్దు వస్తాంటే, రోడ్డు సద్దులే అనుకుంటిమి. పెనుకొండ కాడ చక్రం ఊడి, జీపు కంటే ముందు అదే పోయింది. నేను వాని పక్కనే ఉంటి. వాడు ఆణ్నే పోయినాడు."

ఫోన్లో ఆ ఫోటో మూసేశాను.

పెనుకొండలో ఆయన చేతికర్ర ఊతంగా లేచి, కుడికాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి ఆగాడు.

"జీపులో నీ పక్కన ఎవరు కూచుంటారు?"

"నా కూతురు."

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, దిగిపోయాడు.

బస్సు కదలకముందే అంగడికి ఫోన్ చేశాను.

"పొద్దున్నే బిగించేసినాం సార్. జీపు శానా బాగా కనపడతాండాది," అన్నాడు మెకానిక్.

"విప్పేయప్పా," అన్నాను. "పాతవే వేసేయి."