పద్ధతికి మూడు మార్కులు

సాయంత్రం బడిలో లెక్కలు చెప్పే మాస్టారికి దిద్దడమంటే తగని బద్ధకం. పగలంతా పిల్లల పుస్తకాలు దిద్ది దిద్ది విసిగిపోయేవాడు. అందుకని, ఉద్యోగాలు చేసుకుంటూ స్కూలు ఫైనలుకు చదివే పెద్దవాళ్ళకు ఒక ఏర్పాటు చేశాడు. వారానికో మాదిరి ప్రశ్నపత్రం ఇచ్చి, అసలు పరీక్షలాగే గడియారం చూసి రాయించేవాడు. తర్వాత జవాబుల కాగితం పంచితే ఎవరిది వాళ్ళే దిద్దుకుని మార్కులు పైకి చదవాలి.

"రాసేదీ వాళ్ళే, దిద్దుకునేదీ వాళ్ళే. మధ్యలో మీరెందుకంట?" అని భార్య నవ్వేది.

"ఎవరి తప్పు వాళ్ళు పట్టుకుంటే మళ్ళీ చెయ్యరు కదా," అనేవాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. చాలామంది బాగుపడ్డారు కూడా.

ఆ తరగతిలో ఆసుపత్రి బట్టలు ఉతికే ఒకామె ఉండేది. అందరూ లాండ్రీ అక్క అనేవారు. వయసు నలభై నాలుగు. స్కూలు ఫైనలు పాసైతే వార్డులో సహాయకురాలిగా తీసుకుంటామని మేట్రన్ మాటిచ్చింది. నలభై అయిదు నిండితే మాత్రం రూలు ఒప్పుకోదు. డ్యూటీ మార్పు కుదరక ఆమె అందరికన్నా పది రోజులు ఆలస్యంగా చేరింది. చేరాక ఒక్క పూట మానలేదు.

ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై ఒకటి. తన మార్కులు చదివేటప్పుడు ఆమె గొంతు పైకి వచ్చేది కాదు. పాసుకు ముప్పై అయిదు రావాలి. మాస్టారు అంకెలు రిజిస్టరులో ఎక్కించుకునేవాడే గాని, ఏదీ కాగితం చూపించమ్మా అని ఏనాడూ అడగలేదు.

దరఖాస్తులకు ఆఖరి వారం ఆమె తరగతి అయ్యాక ఆగింది.

"మాస్టారూ, మీరే చెప్పండి. పరీక్షకు పెట్టమంటారా, మానమంటారా?"

ఆయన రిజిస్టరు తిరగేశాడు. "తొందరేముందమ్మా? వచ్చే ఏడు చూసుకుందురుగాని."

"వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోతుందండీ."

"నిజమే. కానీ ఈ మార్కులతో..." అని ఆగిపోయాడు.

"అంతేలెండి. బుర్రకెక్కొద్దూ," అని నవ్వేసి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రాలేదు.

పరీక్షలైన నెలకు, బీరువా సర్దుతుంటే ఆమె తరగతిలో వదిలేసి వెళ్ళిన కాగితాల కట్ట బయటపడింది. అవతల పారేయబోతూ పైకాగితం చూశాడు. గది నేలకు పలకలెన్ని కావాలన్న లెక్క. వైశాల్యం కట్టింది, కొలతలు మార్చింది, భాగించింది. చివర్లో ఒక్క అంకె తప్పింది. పక్కన సున్నా చుట్టుకుంది. ఇంకోచోట జవాబు సరిగ్గానే ఉంది. 'మీటర్లు' అని రాయలేదని దానికీ సున్నాయే.

పద్ధతికి మూడు, జవాబుకు ఒకటి అని ఆయన మొదటిరోజే అందరికీ చెప్పాడు. ఆ రోజు ఆమె ఇంకా చేరలేదు. చేరాక మళ్ళీ చెప్పిన గుర్తు ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

అక్కడే నేలమీద కూర్చుని ఆమె రాసిన మూడు పత్రాలూ దిద్దాడు. ముప్పై తొమ్మిది. నలభై మూడు. నలభై ఒకటి.

ఆ పూట అన్నం దగ్గరా ఆ కాగితాలే తిరగేస్తూ కూర్చున్నాడు. భార్య గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

"ఆవిడకు చెప్పారా?"

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"లాభం సంగతి నేనడగలేదు. చెప్పారా అని అడిగాను."

రెండు వారాలు తేలు కుట్టిన దొంగలా తిరిగి, చివరికి ఆసుపత్రి లాండ్రీకి వెళ్ళాడు. లోపలంతా ఆవిరి, యంత్రాల రొద. ఆమె ఇంకొకామెతో కలిసి దుప్పటి మడత పెడుతోంది. ఆయన నసిగిన మాట వినపడక "ఏంటండీ?" అంది. "మీరు పాసయ్యేవారమ్మా!" అని ఆయన అరవాల్సి వచ్చింది. అందరూ ఇటు తిరిగారు.

ఆమె చేతులు తుడుచుకుని, ఆయన తెచ్చిన కాగితాలు తీసుకుంది. "ఇక్కడ మూడెందుకు వేశారు? జవాబు తప్పు కదా?"

"పద్ధతి సరిగ్గా ఉంది. దానికి మూడు వస్తాయి."

ఆమె ఒక్కో కాగితమూ తిప్పింది. "నా మార్కులు నేను ఎక్కువేసుకుంటే దొంగతనంలా అనిపించేది మాస్టారూ. అందుకే అనుమానమొచ్చిన చోటల్లా కొట్టేసేదాన్ని."

"తప్పు నాది."

దారి పొడుగునా ఆయన ఈ మాటకు 'పోనీలెండి' అనే జవాబునే ఊహించుకుంటూ వచ్చాడు. ఆమె అలా అనలేదు.

"మీదే," అంది. "మానమన్న రోజన్నా ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది."

ఆయన మేట్రన్ దగ్గరికి వెళ్ళి జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె విని జాలిపడింది గాని, ఆ పోస్టు అప్పటికే నిండిపోయింది. రూలూ మారలేదు. మళ్ళీ చదవమని రెండుసార్లు కబురు పెడితే లాండ్రీ అక్క రాలేదు. మూడోసారి వచ్చింది. "ఉద్యోగం కోసం కాదు. నాకెంతొస్తాయో చూసుకోవాలనుంది," అంది. ఆ ఏడాది ఆమె దిద్దుకున్న ప్రతి కాగితాన్నీ, తరగతిలో మిగతా అందరివీ కూడా, ఆయన రెండోసారి దిద్దాడు. భార్య సిరా బుడ్లు తెచ్చి పెట్టేది గాని వేళాకోళం ఆడలేదు.

లెక్కల్లో ఆమెకు అరవై ఒకటి వచ్చాయి. సర్టిఫికెట్టు చూపించడానికి ఇంటికొచ్చి మాస్టారి భార్యతో టీ తాగుతూ గలగలా మాట్లాడింది. ఆమె ఇప్పటికీ ఆ లాండ్రీలోనే చేస్తోంది. మాస్టారు మార్కులు చూసి చాలా బాగున్నాయన్నాడు. పైన అచ్చేసిన సంవత్సరం వైపు మాత్రం చూడలేక కాగితాన్ని తొందరగా మడిచి ఆమె చేతికిచ్చేశాడు.