గాలిని తోలే ఏడుకొండలు

త్రిపురాంతకం దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన ఏడుకొండలు ఇప్పుడు మార్కాపురం వీధుల్లో గాలిని తోలుతున్నాడు. కొత్తగా వేసిన గ్యాస్ గొట్టం నిండా గాలి ఉంటుంది. వెనక నుంచి గ్యాస్‌ను మెల్లగా వదిలి, ఆ గాలినంతా ఆరుబయటికి వెళ్లగొట్టాలి. రెండూ కలగలిసి ఉన్నంతసేపే భయం, ఒక్క నిప్పురవ్వ చాలు.

"ఏం పని రా నీది?" అని వాళ్లమ్మ గురమ్మ అడిగితే, "మందను తోలినట్టే మా. కాకపోతే కనపడదు" అంటాడు.

"కనపడని మందకు జీతమిచ్చే మారాజులెవరో" అని ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ పొద్దున కిరాణా కొట్టు నాగేశ్వర్లు ఇంట్లో పని. ఆ బజారులో అదే మొదటి కనెక్షన్. నాగేశ్వర్లు భార్య సావిత్రమ్మ కొత్త పొయ్యికి బొట్లు పెట్టి, వంటగట్టు మీద దీపం వెలిగించింది. వర్జ్యం రాకముందే పాలు పొంగించాలని ఆమె పట్టు.

ఏడుకొండలు రబ్బరు గొట్టాన్ని కిటికీలోంచి పెరటి గోడ దాకా లాగి ఎత్తున కట్టి వచ్చాడు. చూస్తే దీపం.

"పెద్దమ్మా, దీపం ఆర్పితే గ్యాస్ వదుల్తా."

సావిత్రమ్మ చెయ్యి ఆగిపోయింది. "శుభమా అని పూజ పెట్టుకుంటే ఆర్పమంటావా? నోరెట్ల వచ్చింది నాయనా? నీ గాలి బయటికే పోతాది కదా."

"పోతాది. యాడన్నా కొంచెం ఇటు కారితే?"

"అయితే రేపు రా."

"రేపు అమావాస్య" అన్నాడు నాగేశ్వర్లు గుమ్మంలోంచి.

ఏడుకొండలు వాల్వు మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఇక్కడ వెనుదిరిగితే బజారంతా తలుపులు వేసుకుంటుంది. అయినా ఆ మంట ఉండగా తిప్పడం అతని వల్ల కాదు. వేలెడంత వెలుగు గోడంత నీడను ఆడిస్తోంది. దాన్నే చూస్తూ గొంతు తగ్గించాడు.

"ఆర్పొద్దులే పెద్దమ్మా. కొండెక్కనియ్యండి."

ఆమె ఎగాదిగా చూసింది. "నీ పేరేంది?"

"ఏడుకొండలు."

నాగేశ్వర్లుకు నవ్వాగలేదు. "ఒక్క కొండ చాలంటే ఏడొచ్చి నిలబడినాయి. ఎక్కనియ్యవే."

సావిత్రమ్మ పెదవి బిగించి నవ్వు దాచుకుంది. చామంతిని పాలలో ముంచి వత్తికి తాకించింది. సన్నటి పొగ కిటికీ దారి పట్టింది.

వాల్వు తిరిగింది. పెరట్లో గొట్టం చివర సన్నగా బుసకొట్టింది. కాసేపటికి వాసన గుప్పుమంది. నాగేశ్వర్లు ముక్కు మూసుకుని ఫ్యాను స్విచ్ వైపు పోయాడు.

"స్విచ్ జోలికి పోబాకండి పెదనాయనా. అదీ నిప్పే."

"ఈ కంపుతో రోజూ వండాలా?"

"కారితే తెలియాలని కావాలనే కలుపుతారు. మండేటప్పుడు ఉండదు."

చేతి మీటరు గొట్టంలో ఇక గాలి లేదని చూపించింది. వాల్వు కట్టేసి, వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, పొయ్యి తగిలించి, మళ్లీ వాల్వు తిప్పి, అతుకులకు సబ్బు నురగ పూశాడు. ఒక్క బుడగా లేవలేదు.

"ఇంక వెలిగించండి."

శంఖుపూలు గుండ్రంగా విచ్చుకున్నట్టు నీలిమంట లేచింది. వర్జ్యం ఇంకా గడప బయటే ఉంది. పాలు తెల్లగా ఉబ్బి, అంచు దాటి, సావిత్రమ్మ చప్పట్ల మధ్య పొయ్యంతా పారాయి.

గోడ మీద నుంచి పక్కింటి పద్మజ తొంగిచూసింది. "మా ఇంటికి ఎప్పుడొస్తావు అన్నా?"

సావిత్రమ్మే జవాబిచ్చింది. "ఉండవే, పిల్లోడిని పాలు తాగనియ్యి. వాడు మీ ఇంటికొచ్చే ముందు నీ దీపం సంగతి నువ్వు చూసుకో."