మందుకు ఛుట్టీ ఇచ్చిన మొనగాణ్ణి

తెలివి తక్కువైతే పెద్ద ప్రమాదం లేదు, ఉన్న కాస్త తెలివినీ తప్పు చోట వాడితేనే ఇబ్బంది. నేను వాడింది మా పాప గుండె మీద.

సూరత్‌లో పవర్‌లూమ్ నడుపుకుని బతికేవాణ్ణి. మా కార్ఖానాలో వారానికోసారి మగ్గాలకు ఛుట్టీ. ఆ కాస్త విశ్రాంతి లేకపోతే మోటార్లు కాలిపోతాయని మా నమ్మకం.

పాప అప్పుడు ఒకటో తరగతి. ఆడుతూ ఆడుతూనే గుండె దడదడా పరుగందుకునేది. డాక్టరమ్మ ఆ వేగాన్ని అదుపులో పెట్టే సిరప్ రాసి, ఒక్క పూట కూడా తప్పొద్దంది. వేశాం. దడ తగ్గింది. అప్పుడు నాలోని మెకానిక్ మేలుకున్నాడు. ఇనుముకే సెలవుంటే మందుకు వద్దా అని, కార్ఖానా ఛుట్టీనాడు మందుకూ ఛుట్టీ ఇచ్చాను. ఏమీ కాలేదు. తర్వాతి ఛుట్టీనాడూ ఇచ్చాను.

ఆ సాయంత్రం పాప, "నాయినా, నా ఛాతిల మగ్గం నడుస్తుంది" అంది.

ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. దడ దిగుతుందని ముఖం మీద ఐసు పెట్టారు, ఆగలేదు. సూదిమందు ఎక్కించారు. గుండె కొట్టుకోవడాన్ని చూపే తెర మీది గీత ఒక్క క్షణం చదునుగా పడుకుంది. నా ప్రాణం దాని పక్కనే పడుకుంది. గీత లేచి బుద్ధిగా నడక మొదలుపెట్టాకే నేనూ లేచాను. డాక్టరమ్మకు నిజం చెప్పక తప్పలేదు.

"రేపు పాప ఊపిరికి గూడ ఛుట్టీ ఇస్తవా ఏంది బావా?" అన్నాడు బామ్మర్ది.

"గీయనకు సిగ్గుంటే గదా, తమ్మీ" అంది నా భార్య.

ఆ తర్వాత మందు ఒక్క పూట తప్పలేదు. కోసాడ్ కాలనీలో మా పక్క బ్లాకులోనే ఉండే బామ్మర్ది పాపకు కాపలాదారయ్యాడు. మెట్లెక్కనివ్వడు, ఉరకనివ్వడు. ఆడుకోనీరా అంటే, "నువ్వు మాట్లాడకు డాక్టర్ సాబ్" అనేవాడు.

ఏళ్లు గడిచాయి. దడ మళ్లీ రాలేదు. డాక్టరమ్మ పరీక్షలు చేసి, మోతాదు మెల్లమెల్లగా తగ్గించి, చివరికి మందు ఆపేసింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు చూసి, ఇక నిశ్చింతగా పరుగెత్తనివ్వమంది. మా ఆవిడ ఆసుపత్రి మెట్ల మీదే మిఠాయి పంచింది. బామ్మర్ది మాత్రం నమ్మలేదు.

సరే అని కాలనీ మైదానంలో మామాకోడళ్లకు పందెం పెట్టాను.

"మామా, నువ్వు జర ముందు ఉరుకు, నేనొస్త" అంది పాప.

అయినా అవతలి గోడను ముందుగా ముట్టింది అదే. తన గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకుని, నావైపు తిరిగి నవ్వింది. బామ్మర్ది సగం దారిలోనే రొప్పుతూ కూలబడ్డాడు. నేను తీరిగ్గా వెళ్లి, వాడి మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాను.

"ఉరుకుడు నీకు పడదు బామ్మర్దీ" అన్నాను. "మెట్లు గూడ ఎక్కకు."